మేడమ్‌గారి బ్యాక్టీరియా

ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ పూర్తిచేసిన ఏడాది, తొంభైల చివర్లో, కాకినాడలోని ఒక చిన్న పరిశోధనాశాలలో నాకు ఉద్యోగం దొరికింది. అక్కడ ఒక మేడమ్‌గారికి సహాయకురాలిని. ఎరువుల ఫ్యాక్టరీల వైపు నుంచి గాలి తిరిగితే ఘాటు వాసనకు కళ్లు మండేవి, పరుగున వెళ్లి కిటికీలు మూసేవాళ్లం.

మేడమ్‌గారికి అప్పటికి యాభై దాటాయి. రాజమండ్రిలో లూథరన్ క్రైస్తవుల కుటుంబం. పెళ్లి చేసుకోలేదు. స్కూలు టీచరుగా రిటైరైన అక్కగారితో కలిసి అద్దె ఇంట్లో ఉండేవారు. ఎప్పుడూ గంజి పెట్టిన నేత చీరే. మాట నెమ్మది. కోపం వస్తే ఇంకా నెమ్మది.

నన్ను దింపడానికి మొదటిరోజు నాన్న కూడా వచ్చాడు. ద్రాక్షారామం దగ్గర మాకు వరి పొలం ఉంది. ఈ అమ్మాయి ఇంత చదువూ చదివి ఏ పని చేయబోతోందో తన కళ్లతో చూసుకోవాలని ఆయన కోరిక. మేడమ్‌గారు ఆయనకు కుర్చీ వేయించి, ఓపిగ్గా చెప్పారు. మట్టిలో కొన్ని సూక్ష్మజీవులు ఉంటాయి. తిండి పుష్కలంగా దొరికి, ఎదగడానికి కావలసిన నత్రజని లాంటిది మాత్రం తక్కువైతే, అవి మిగిలిన తిండిని చిన్న చిన్న తెల్లటి గుళికలుగా మార్చి ఒంట్లో దాచుకుంటాయి. ఆ గుళికలను బయటికి తీసి ఆరబెడితే ఒక రకం ప్లాస్టిక్. కరిగించి అచ్చు పోయవచ్చు. మట్టిలో పాతితే మళ్లీ మట్టిలోని జీవులే తినేస్తాయి.

నాన్న కాసేపు ఆలోచించాడు. "పురుగు కడుపులో ప్లాస్టిక్ పుడద్దాండి?"

"పంట బాగా పండిన ఏడు మీరు గాదెలో ధాన్యం దాస్తారు కదండీ? ఇదీ అలాంటిదే."

"ఆయ్. అది దాచుకున్నది మనం లాక్కుంటామన్నమాట."

మేడమ్‌గారు పైకే నవ్వేశారు. "అంతేనండి. తప్పే మరి."

ఆ మట్టి సూక్ష్మజీవికి పెంకితనం ఎక్కువ. ఖరీదైన చక్కెర పెట్టాలి, నిదానంగా పెరుగుతుంది. అందుకని దానిలో ఈ పనిచేసే జన్యువులను తీసి, ప్రయోగశాలల్లో గబగబా పెరిగే మరో బ్యాక్టీరియాలోకి చేర్చాలనీ, దాన్ని చక్కెర ఫ్యాక్టరీలో మిగిలిపోయే నల్లటి మొలాసిస్ మీద పెంచాలనీ మేడమ్‌గారి సంకల్పం. విదేశాల్లో కొందరు అప్పటికే ఈ దారిలో ఉన్నారని ఆవిడే చెప్పేవారు. "మనది మన చెరుకు మడ్డి మీద బతకాలమ్మా. అదే మన పని" అనేవారు.

చేరిన కొన్నాళ్లకు నాకొక సంగతి తట్టింది. మేడమ్‌గారు ఏ పరికరాన్నీ ముట్టుకోవడం లేదు. బొట్టుబొట్టుగా ద్రవాలు తీసే పిపెట్టు పట్టుకోవాలన్నా, బ్యాక్టీరియాను పెంచే గాజు పళ్లెం మూత తీయాలన్నా "నువ్వు చెయ్యమ్మా, నేర్చుకోవాలి కదా" అనేవారు. కాఫీ వస్తే సగం గ్లాసే తీసుకునేవారు. మాట్లాడుతున్నంతసేపూ కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని ఒళ్లో పెట్టుకునేవారు. పెద్దవాళ్ల పద్ధతులు పెద్దవాళ్లవని ఊరుకున్నాను.

ఒక మధ్యాహ్నం నేను భోజనం చేసి తొందరగా తిరిగి వచ్చేసరికి ఆవిడ ఒక్కరే బల్లముందు కూర్చుని ఉన్నారు. చేతిలో సన్నటి తీగ ఉంది. దాని కొసకు కాస్త బ్యాక్టీరియా అంటించి, పళ్లెంలోని జెల్లీ మీద తేలిగ్గా గీతలు గీయాలి. ఎమ్మెస్సీ మొదటి ఏడాది పిల్లలు చేసే పని. తీగ కొస జెల్లీలోకి దిగబడి, దున్నినట్టు చాళ్లు పడుతోంది. ఆవిడ చెయ్యి ఆగడం లేదు. పక్కన అలాంటివే చెడిపోయిన పళ్లాలు మూడో నాలుగో ఉన్నాయి.

నన్ను చూసి తీగ కింద పెట్టారు.

"చూశావు కదా" అన్నారు.

"మేడమ్..."

"పార్కిన్సన్స్ అన్నారమ్మా డాక్టరుగారు. ఏడాది దాటింది. మందులు వాడుతున్నాను. మా అక్కకి తెలుసు. ఇప్పుడు నీకు తెలిసింది." చెడిపోయిన పళ్లాలను ఒకదానిమీద ఒకటి పేర్చబోయారు, అవీ టకటకలాడాయి. నేను అందుకున్నాను. "ఇరవై ఏళ్లు ఈ చేత్తోనే బతికాను. రోజూ మధ్యాహ్నం ఒకసారి అడిగి చూస్తున్నాను, ఇవాళ వింటుందేమోనని."

"ఎలా పట్టుకోవాలో చెప్పండి మేడమ్, నేను చేస్తాను" అన్నాను.

ఆరోజు నుంచి మా పని తీరు మారింది. ఆవిడ నా కుడిపక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవారు. చేయి కదిపి చూపించే వీల్లేదు కనక ప్రతి కదలికనూ మాటలతో చెప్పాలి. "మోచెయ్యి బల్లకి ఆనించు. మణికట్టు వదులు. తీగని నువ్వు నొక్కకు, దాని బరువు దాన్నే మొయ్యనీ. ఊపిరి బిగపట్టకమ్మా, బిగపడితేనే వణుకుద్ది." అలా చెబుతున్నప్పుడు ఒక్కొక్కసారి ఆవిడ గొంతు ఆగిపోయేది. కళ్లు నా వేళ్ల మీదే ఉండేవి. తన చేతులు ఒకప్పుడు చేసినదంతా వెతికి వెతికి మాటల్లోకి తెస్తున్నారని నాకు అర్థమయ్యేది. ఇంటికెళ్లాక అన్నం కలుపుకుంటూ నా చేతినే చూసుకునేదాన్ని.

జన్యువులను అతికించి, కొత్త బ్యాక్టీరియాలోకి చేర్చడం చాలాసార్లు విఫలమైంది. చేరాయనుకుంటే నిలిచేవి కావు. బ్యాక్టీరియాకు తన ఒంట్లో గుళికలు నింపుకోవడం భారమే. నాలుగు తరాలు పెరిగేసరికి మేం పెట్టిన జన్యువులను వదిలించుకుని తేలికైపోయేది. ఎండాకాలం కరెంటు కోతల్లో ఫ్రిజ్‌లో పెట్టిన ఎంజైములు పాడయ్యేవి. బెంగళూరు నుంచి మళ్లీ తెప్పించుకోవడానికి వారాలు పట్టేది. మేడమ్‌గారు ఒక్కసారీ విసుక్కోలేదు. "దానికి ఇష్టం లేని పని చేయిస్తున్నాం. మొరాయించదా?" అనేవారు.

వర్షాలు మొదలయ్యాక ఒక ఉదయం పళ్లాలు తీసి అతినీలలోహిత కాంతి దీపం కింద పెట్టాను. జెల్లీలో ఒక ఎర్రరంగు కలిపి ఉంచేవాళ్లం. ఆ రంగు గుళికలకు అంటుకుంటుంది, ఆ దీపం కింద వెలుగుతుంది. ఇన్నాళ్లూ ప్రతి పళ్లెమూ చీకటిగానే ఉండేది. ఆరోజు ఒక మూల ఆవగింజంత చుక్క నారింజ రంగులో వెలుగుతోంది. ఇంకొంచెం ఇవతల మరొకటి.

"మేడమ్" అన్నాను.

ఆవిడ లేచి వచ్చారు. వంగి చూశారు. తర్వాత తల వంచి, కళ్లు మూసుకుని, పెదవులు కదిలిస్తూ నిలబడ్డారు. ప్రార్థన చేసుకుంటున్నారు. నేను పక్కకు జరిగాను. తలెత్తాక ఆవిడ అన్న మొదటి మాట: "నీ చేతులు కడుక్కున్నావా? సరే. ఆ రెంటినీ వేరే పళ్లెంలోకి మార్చు. మోచెయ్యి ఆనించు."

ఆ చుక్కల్లో ఒకదాని నుంచి పెరిగినదాన్నే మేం ఫెర్మెంటర్‌లోకి తెచ్చాం. అదొక స్టీలు పీపా. లోపల తెడ్డు తిరుగుతుంటుంది, గాలి బుడగలు పైకి వస్తుంటాయి. మొలాసిస్‌ను పలచన చేసి, వడగట్టి, ఆమ్లం కలిపి కాస్తే మా బ్యాక్టీరియాకు తినడానికి వీలయ్యేది. మొదటిసారి నురగ పొంగి మూతలోంచి వచ్చి గదంతా పారింది. భవనమంతా బెల్లం పాకం వాసన. మెట్లమీదకు చీమలు బారులు కట్టాయి.

పెరిగిన బ్యాక్టీరియాను తీసి, ఆరబెట్టి, క్లోరోఫామ్‌లో నానబెడితే గుళికలు కరిగి అందులోకి వస్తాయి. ఆ ద్రవాన్ని వడకట్టి గాజు పళ్లెంలో పోసి వదిలేస్తే క్లోరోఫామ్ ఆవిరైపోయి అడుగున పలచటి పొర మిగులుతుంది. నేను బ్లేడుతో అంచు లేపి ఒలిచాను. పాలమీగడలాంటి తెలుపు. వెలుతురుకు పెడితే అవతల నా వేళ్లు నీడగా కనిపించాయి. మడతపెట్టగానే చిటుక్కున విరిగింది.

మేడమ్‌గారు ఒక ముక్క తీసుకుని చూశారు. "ఆత్రేయపురం పూతరేకులా ఉంది" అన్నారు. "తినడానికైతే బావుండును."

అది విరగకుండా సాగాలంటే గుళికల తయారీలోనే ఇంకొక పదార్థం కలవాలి. దానికి బ్యాక్టీరియాకు మొలాసిస్‌తో పాటు ఘాటైన ఒక ఆమ్లాన్ని కొంచెం కొంచెంగా తినిపించాలి. ఎక్కువైతే చచ్చిపోతుంది. ఆ ఆమ్లాన్ని తట్టుకుని వాడుకోగల రకంలోకి జన్యువులను మళ్లీ చేర్చాలి. అంటే మొదటికి రావడమే. మేం మళ్లీ మొదలుపెట్టాం.

ఆ మధ్యలోనే సమీక్షకు ఢిల్లీ నుంచి పెద్దలు వచ్చారు. హాల్లో డైరెక్టరుగారు, తక్కిన శాస్త్రవేత్తలు అందరూ ఉన్నారు. మేడమ్‌గారు నిలబడి చక్కగా మాట్లాడారు. చివర్లో ఒకాయన, "ఆ పొర చూపించండి" అన్నారు. నేను లేచేలోపే మేడమ్‌గారు బల్లమీద ఉన్న పొరను తీసి పైకెత్తి పట్టుకున్నారు. ఆవిడ చేతిలో అది గలగలలాడింది. ఆ నిశ్శబ్దంలో ఆ చప్పుడు హాలంతా వినిపించింది. అంచునుంచి ఒక ముక్క విరిగి రాలిపడింది. ఆవిడ చెయ్యి దించలేదు. "ఇది పెళుసుగా ఉంది. నా చెయ్యి వణుకుతోంది. రెండూ నాకు తెలుసు. మొదటిదానికి మందు కనిపెడుతున్నాం" అని చెప్పి కూర్చున్నారు.

మర్నాడు డైరెక్టరుగారు నన్ను పిలిచారు. ఆయన చెడ్డమనిషి కాదు.

"చూడమ్మా, ఆవిడ ఆరోగ్యం అలా ఉంది. ఎలాగూ పనంతా నువ్వే చేస్తున్నావంట. ఇకనుంచి ప్రాజెక్టు నీ పేరు మీద పెడదాం. ఆవిడ మెడికల్ గ్రౌండ్స్ మీద రిటైరైపోతే గౌరవంగా ఉంటది."

"మేడమ్‌గారితో చెప్పారా సార్?"

"నువ్వు ఊ అంటే చెప్తాను."

నేను ఊ అనలేదు. తిన్నగా మేడమ్‌గారి గదికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆవిడ విని కిటికీవైపు చూశారు.

"తీసుకో" అన్నారు.

"నాకొద్దు మేడమ్. ఇది మీది."

"ఎవరిదైతేనేంటమ్మా? నువ్వు కాదంటే మూసేస్తారు. మూసేస్తే ఆ పీపాలో ఉన్నది ఏమవుద్ది?" మళ్లీ నావైపు తిరిగారు. "పేరు నీది పెట్టుకో. కుర్చీ మాత్రం నాకు ఉంచు. రోజూ వస్తాను. జీతం లేకపోయినా రానిస్తారు కదా?"

రానిచ్చారు. రిటైరయ్యాక కూడా ఆవిడ రోజూ అదే వేళకు రిక్షా దిగి, గోడ పట్టుకుని మెట్లెక్కి వచ్చేవారు. ఎవరైనా చెయ్యి అందించబోతే "వద్దండి, ఇదే నా వ్యాయామం" అనేవారు. అక్కగారు ఇద్దరికీ కారియర్ కట్టి పంపేవారు. గోంగూర పప్పో, చింతచిగురు రొయ్యలో. రొయ్యలు నేను తిననని తెలిసిన తర్వాత నా గిన్నె విడిగా వచ్చేది.

రెండో పొర తయారైన రోజు ఎండ బాగా కాస్తోంది. ఒలిచి, వేలికి చుట్టాను. విరగలేదు. మడతపెట్టాను. గీత పడింది గానీ విరగలేదు. ఏమీ అనకుండా తీసుకెళ్లి మేడమ్‌గారి అరచేతిలో పెట్టాను. ఆవిడ వేళ్లు మూసి గట్టిగా నలిపారు. తెరిచి చూస్తే అది మెల్లగా విచ్చుకుంది. ఆవిడ చేతి వణుకుకు అది ఊగుతూనే ఉంది, పగలకుండా. అప్పటికే ఆవిడ ముఖం కొంచెం కొంచెంగా బిగుసుకుపోతోంది, నవ్వు తొందరగా వచ్చేది కాదు. ఆరోజు నవ్వారు. కన్నీళ్లు ముందు వచ్చాయి, నవ్వు తర్వాత వచ్చింది.

అది మట్టిలో నిజంగా కలుస్తుందో లేదో చూడాలి కదా. దుకాణంలో కొన్న మట్టి వద్దన్నారు మేడమ్‌గారు. నాన్నకు కబురు పెడితే మా చేలో మట్టి రెండు బస్తాలు బస్సుమీద వేయించుకుని తెచ్చాడు. కండక్టరుతో గొడవ కూడా పడ్డాడట.

"ఏంటండీ ఈ మట్టి, ఎక్కడికి అంటాడు మేడమ్‌గారూ. మా అమ్మాయి ఆఫీసుకండీ అన్నాను. మట్టి మోసే ఆఫీసేంటండీ అని నవ్వుతాడు."

కుండీల్లో ఆ మట్టి నింపి, పొర ముక్కలను సన్నటి వల సంచుల్లో కట్టి పాతాం. పక్క కుండీలో బజారు క్యారీబ్యాగు ముక్క. కొన్ని వారాలకొకసారి తీసి చూసేవాళ్లం. మొదట మచ్చలు పడ్డాయి. తర్వాత చిల్లులు. వానాకాలం గడిచేసరికి వలసంచిలో తడిమట్టి తప్ప ఏమీ లేదు. క్యారీబ్యాగు మీద కొట్టు పేరు అక్షరాలు కూడా చెక్కుచెదరలేదు. ఖాళీ వలసంచిని నేను మేడమ్‌గారి ముందు విప్పి పట్టుకున్నాను. మేం ఏళ్ల తరబడి కష్టపడి చేసిన వస్తువు లేకుండా పోయిందని చూపించి ఇద్దరం సంతోషించిన రోజది.

కానీ తయారు చేసేవాళ్లెవరూ ముందుకు రాలేదు. చూడటానికి ఒకటి రెండు కంపెనీలవాళ్లు వచ్చారు. పొరను లాగి చూశారు, మెచ్చుకున్నారు, కాఫీ తాగారు. పెట్రోలు నుంచి వచ్చే ప్లాస్టిక్ ఇంతకంటే ఎన్నో రెట్లు చవకని చెప్పి, ఉన్న పొర ముక్కలు నమూనాకని పట్టుకుని వెళ్లిపోయారు. వాళ్ల మాటలో అబద్ధం లేదు. ప్రాజెక్టు గడువు తీరింది. పొడిగించలేదు.

మూసేటప్పుడు ఒక నియమం ఉంది. జన్యువులు మార్చిన జీవిని బయట వదలకూడదు. ఎవరైనా కావాలంటే పద్ధతి ప్రకారం పంపవచ్చు, లేకపోతే పూర్తిగా చంపేయాలి. రెండు మూడు చోట్ల అడిగాను. ఎవరికీ అక్కర్లేకపోయింది.

ఆ ఉదయం డీప్‌ఫ్రీజర్‌లోని సీసాలు, పళ్లాలు, ఫెర్మెంటర్‌లో మిగిలినదీ అంతా తెచ్చి ఆటోక్లేవ్‌లో పెట్టాను. అది పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటిది. ఆ ఆవిరిలో ఏ జీవీ మిగలదు. మేడమ్‌గారు కుర్చీలో కూర్చుని చూస్తున్నారు. అప్పటికి ఆవిడ మాట బాగా సన్నగిల్లింది, దగ్గరికెళ్తే గానీ వినిపించేది కాదు.

మూత బిగించి స్విచ్చి దగ్గరకు వెళ్లాను. వెయ్యలేకపోయాను.

"లేపమ్మా నన్ను" అన్నారు ఆవిడ.

లేపి పట్టుకున్నాను. ఒక్కో అడుగే వేసుకుంటూ వచ్చి చెయ్యి చాచారు. వేళ్లు స్విచ్చికి అటూ ఇటూ కొట్టుకున్నాయి. నేను సాయం చేయబోతే తల అడ్డంగా ఊపారు. చాలాసేపటికి అరచెయ్యి మొత్తం ఆనించి నొక్కారు. ఎర్రదీపం వెలిగింది.

"దాచుకున్నదంతా లాక్కున్నాం. ఆఖరికి ఇదీ..." అన్నారు. తర్వాతి మాట వినిపించలేదు. ఆవిరి చప్పుడు మొదలైంది. అది ఆగేదాకా ఇద్దరం అక్కడే ఉన్నాం.

తర్వాత నాకు రాజమండ్రిలో ఒక డిగ్రీ కాలేజీలో ఉద్యోగం వచ్చింది. మేడమ్‌గారూ అక్కగారూ కూడా సొంతూరని రాజమండ్రికే వచ్చేశారు. ఆదివారం మధ్యాహ్నాలు వెళ్లేదాన్ని. ఆవిడకు మాట పూర్తిగా పోయాక, నేను తరగతిలో ఏం చెప్పానో చెబుతుంటే కళ్లతోనే వినేవారు. నేనెక్కడైనా తప్పు చెబితే కనురెప్పలు గబగబా ఆడించేవారు. ఆవిడ మందలింపు అదే.

గోదావరికి కొత్తనీరు వచ్చిన రోజుల్లో ఆవిడ పోయారు. చర్చిలో ఆరాధన మధ్య అక్కగారు నా దగ్గరికి వచ్చి, "నువ్వు నాలుగు మాటలు చెప్పమ్మా. నేను చెప్పలేను. నాకు తెలీదు కూడా, అదేం పని చేసేదో" అన్నారు. నేను ఎన్నడూ చర్చిలో మాట్లాడలేదు. లేచి నిలబడ్డాను. అక్కడున్నవాళ్లకు ఆవిడ సండే స్కూల్లో పాటలు నేర్పిన మనిషిగానే తెలుసు. మట్టిలోని సూక్ష్మజీవి గురించి, చెరుకు మడ్డి గురించి, తెల్లటి పొర గురించి నాకు చేతనైనట్టు చెప్పాను. ఆవిడ చేతుల గురించి చెప్పబోయి ఆగిపోయాను.

బయటికి వస్తుంటే ఒక పెద్దాయన, ఆవిడకు దూరపు బంధువట, నన్ను ఆపారు.

"ఆ చేసిందేదో ఇప్పుడు ఎక్కడుందమ్మా? చూడొచ్చా?"

"లేదండి" అన్నాను. "ఏమీ మిగల్లేదండి."

"ఒక్కటి కూడానా?"

"ఒక్కటి కూడానండి."

ఆయన నమ్మలేనట్టు నా ముఖంలోకి చూశారు. తర్వాత గొడుగు విప్పి నా మీదకు కూడా వచ్చేట్టు పట్టుకున్నారు. సన్నగా వాన పడుతోంది. ముందు శవపెట్టె కదిలింది, చర్చివాళ్లు పాట అందుకున్నారు. నాకు ఆ పాట రాదు. వాళ్ల వెనక నడిచాను.